ముకాఫీ

ఏప్రిల్ ఆఖర్లో టెన్త్ రిజల్ట్స్ వచ్చిన రోజు పాలమూరు నుంచి ఆపా ఫోన్ చేసింది. సలామ్ లేదు, ఖైరియత్ లేదు. "హిసాబ్‌లో పోయింది" అంది. మిగతా అన్నిట్లో పాసే. ఒక్క హిసాబ్. పక్కన నా భాంజీ ఏడుపు వినిపిస్తూనే ఉంది. "సప్లిమెంటరీ రాయిస్తాం. పాసైతే సీఈసీలో వేస్తాం. నువ్వు కూడా అదే అన్నావ్ కదా భాయ్" అంది ఆపా.

అన్నాను. పోయిన రంజాన్‌లో ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని ఆ పిల్ల "మామూ, నేను ఎంపీసీ తీసుకుంటా" అంటే, ఖజూర్ గింజ పక్కన పెడుతూ, "నక్కో బేటా, ఉర్దూ మీడియం వాళ్లకి ఆ రాస్తా ముష్కిల్" అన్నాను. ఇంటికి పెద్దవాడిగా ఇచ్చిన మష్వరా. అది నాకెక్కడి నుంచి వచ్చిందో ఆ రోజు ఆమెకు చెప్పలేదు.

మా రోజుల్లో టెన్త్ దాకా నేను చదివింది ఉర్దూలో. హిసాబ్ బాగానే వచ్చేది. వర్గ సమీకరణాన్ని మేం 'దో దర్జీ మసావాత్' అనేవాళ్లం. దాని మూలం 'జజ్ర్'. గ్రాఫ్ కాగితం మీద దాన్ని గీస్తే వచ్చే వంపు 'ముకాఫీ'. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్నాను. మా ఊళ్లో అది ఉర్దూలో లేదు, ఇంగ్లిష్‌లోనే. మొదటి నెలలోనే లెక్చరర్ బోర్డు మీద ఆ వంపు గీసి "పారాబోలా" అన్నాడు. నేను లేచి నిలబడి, "సార్, ఇది ముకాఫీయేనా?" అని అడిగాను. క్లాసంతా నవ్వింది. "కాఫీ క్యాంటీన్‌లో దొరుకుతుంది, కూర్చో" అన్నాడాయన. పెద్ద జుల్మేం కాదు, ఒక చిన్న జోకు. కానీ పదహారేళ్ల పిల్లాడికి ఆ నవ్వు చెవుల్లో నెల రోజులు మోగింది. దసరా సెలవులయ్యాక గ్రూపు మార్చుకున్నాను. ఆ తర్వాత డిగ్రీ తెలుగు సాహిత్యంలో. దాని మీద నాకు షికాయత్ లేదు, ఈ జుబాన్ నాకు అన్నం పెడుతోంది. కానీ హిసాబ్ నన్ను వదల్లేదనీ, నేనే దాన్ని చూసి పారిపోయాననీ నాకు తెలుసు. దస్తర్‌ఖాన్ దగ్గర భాంజీకి అంటించింది నా ఖౌఫే.

"పిల్లని నెల రోజులు నా దగ్గరికి పంపు ఆపా" అన్నాను.

నాది పేపర్లో డెస్క్ ఉద్యోగం. ఇంటికి చేరేసరికి రాత్రి రెండవుతుంది. మే నెల ఎండలకి మా ఇంట్లో మధ్యాహ్నం దిమాగ్ పనిచేయదు. అందుకని ఫజర్ తర్వాత, సూరీడు నెత్తికెక్కేలోపు, ఛత్ మీద క్లాసు అనుకున్నాం. నేను ఆఫీసు నుంచి వచ్చి పడుకునే లోపు ఒక గంట ఆమె ఉర్దూ కితాబ్ చదువుకుని, నాలుగు గంటలు నిద్రపోయి, పైకి ఎక్కేవాణ్ణి. ఉస్తాద్ కంటే షాగిర్ద్ ఒక పాఠం మాత్రమే వెనక ఉండే క్లాసు అది.

మొదటి రోజు వై = ఎక్స్ స్క్వేర్ గీయమన్నాను. పట్టిక తప్పులేకుండా రాసింది. సున్నాకి సున్నా, ఒకటికి ఒకటి, రెండుకి నాలుగు, మూడుకి తొమ్మిది. మైనస్ వైపు కూడా అవే జవాబులు. చుక్కలు సరిగ్గా పెట్టింది. తర్వాత స్కేలు తీసి చుక్కనీ చుక్కనీ గీతలతో కలిపేసింది. అడుగున మొన తేలి, గాలిపటం ముక్కులా తయారైంది.

"ఇలాగేనా?" అన్నాను.

"సార్ చుక్కలు కలపమన్నారు. స్కేల్ లేకపోతే నీట్‌నెస్ మార్కు పోతుంది."

నేనూ ఆ వయసులో అచ్చం ఇదే గీశాను, ఒక మార్కు పోగొట్టుకున్నాను. ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేదు, ఎర్ర పెన్నుతో ఒక గుండ్రటి వంపు గీసి వదిలేశారు. ఈసారి నేను చెప్పకుండా అడిగాను. సున్నాకీ ఒకటికీ మధ్య ఏముంటుంది? సగం దగ్గర? ఆమె స్కేలు గీత సగం దగ్గర సగం ఎత్తులో ఉంది. కానీ సగాన్ని సగంతో గుణిస్తే పావు. చుక్క గీత కంటే కిందికి పడింది. "ఇంకా చూడు" అన్నాను. పదో వంతు తీసుకుంది. జవాబు వందో వంతు. గ్రాఫ్ కాగితం మీద అది గీతకి అతుక్కుపోయినంత దగ్గర. కాసేపు చూసి, "మామూ, అడుగున మొన లేదు. కడాయిలా ఉంది" అంది. ఆ స్కేలు మళ్లీ ఆ నెలలో బయటికి రాలేదు.

రెండో వారం మా పిల్లలిద్దరినీ, పై వాటా పిల్లల్నీ పోగేశాం. మొత్తం ఏడుగురు. ఛత్ మీద సుద్దతో అడుగుకో గడి గీశాను. మధ్యలో అడ్డంగా ఒక లావు గీత, అది ఎక్స్ మెహ్వర్. దాని మీద మైనస్ మూడు నుంచి ప్లస్ మూడు దాకా ఒక్కొక్క నంబరు మీద ఒక్కొక్కరు. హుకుం ఒకటే: నీ నంబరుని దాంతోనే గుణించు, అన్ని గళ్లు ముందుకి నడువు.

మైనస్ మూడు మీది పిల్లాడు తొమ్మిది గళ్లు వెనక్కి నడిచాడు. మిగతావాళ్లు గోల. "నాది మైనస్ కదా!" అంటాడు వాడు. నేను నోరు తెరిచేలోపు భాంజీ అంది: "దుష్మన్‌కా దుష్మన్ దోస్త్. ముందుకి రా." ఏ కితాబ్‌లోనూ ఇంతకంటే పొట్టి వివరణ నేను చదవలేదు. సున్నా మీద నిలబడ్డ మా చిన్నవాడికి కోపమొచ్చింది, అందరూ నడుస్తున్నారు, వాడు మాత్రం నిలబడ్డచోటే. "నువ్వు సిఫర్ బేటా, అందరూ నిన్ను చూసే తమ జాగా లెక్కబెట్టుకుంటారు" అంటే కొంచెం శాంతించాడు.

నీళ్ల ట్యాంకు మెట్లెక్కి చూస్తే కింద ఏడుగురు పిల్లలు కడాయి అంచు మీద కూర్చోబెట్టినట్టు ఉన్నారు. అక్కణ్నుంచి భాంజీయే కమాండరు. "అందరూ నాలుగు గళ్లు వెనక్కి!" అంది. అంటే ఎక్స్ స్క్వేర్ మైనస్ నాలుగు. వంపు అలాగే ఉంది, మొత్తంగా దిగింది. చిన్నవాడికి ఎట్టకేలకు నడిచే మౌకా దొరికింది. అప్పుడు పైనుంచి ఆమె అరుపు: "జజ్ర్! వాళ్లిద్దరే జజ్ర్!"

మైనస్ రెండు, ప్లస్ రెండు పిల్లలిద్దరూ సరిగ్గా లావు గీత మీద నిలబడి ఉన్నారు. ఎక్స్ స్క్వేర్ మైనస్ నాలుగు ఈక్వల్ టు సున్నా అనే లెక్క ఆమె వందసార్లు చేసి ఉంటుంది. కారణాంకాలు తీసి, కింద రెండు జవాబులు రాసి, డబ్బా గీసి. ఆ జవాబులు ఒక వంపు గీతని దాటే చోట్లు అని ఆ పొద్దున దాకా తెలియదు. నిజం చెప్పాలంటే, నాకు నలభై దాటాక, మూడు రోజుల ముందు రాత్రి తెలిసింది.

తర్వాత అందరినీ మొదటి జాగాల నుంచి ఒక గడి ముందుకి జరిపింది. లావు గీత మీద ఎవ్వరూ లేరు. మా ఉర్దూ కితాబ్‌లో ఇలాంటి లెక్క కింద 'హకీకీ జజ్ర్ నహీఁ' అని రాసి వదిలేస్తారు. దాన్ని నేను మంత్రంలా బట్టీ పట్టాను. ఇక్కడ ఖాళీ గీత కళ్లముందు ఉంది.

ఈలోగా బక్రీద్ దగ్గరికొచ్చింది. పై వాటావాళ్లు రెండు బకరాలు కొని ఛత్ మీద కట్టేశారు. అవి తాళ్లు కొరికి మా ముకాఫీ మీద పేడలు పెడుతున్నాయి. ఇంట్లో 20 అడుగుల జాలీ ముక్క ఉంది. ఒకవైపు పిట్టగోడ ఉంది కాబట్టి మూడు వైపులా జాలీ కడితే చాలు. ఎలా కడితే బకరాలకి ఎక్కువ జాగా?

నేను ఆలోచించకుండా "మురబ్బా కట్టు, చతురస్రమే ఎప్పుడూ ఎక్కువ" అన్నాను. నాలుగు వైపులా కట్టేటప్పుడు అది సహీ. భాంజీ సుద్ద తీసుకుని గోడ మీద రాసింది. గోడ నుంచి బయటికొచ్చే వైపు ఒక అడుగైతే, ఎదురు వైపు పద్దెనిమిది, జాగా పద్దెనిమిది చదరపు అడుగులు. రెండైతే 32. మూడైతే 42. నాలుగుకి 48. ఐదుకి 50. ఆరుకి మళ్లీ 48. ఏడుకి 42. అక్కడ ఆగింది. "వాపస్ వస్తోంది మామూ. ఇది బోర్లించిన కడాయి."

నా మురబ్బా లెక్క కూడా తనే చేసింది. ఒక్కో వైపు ఆరున్నర అడుగులు దాటుతుంది, జాగా నలభై నాలుగు చిల్లర. ఆమెది యాభై. "మామూ గలత్" అని గోడ మీద పెద్ద అక్షరాలతో ఉర్దూలో రాసింది. ఐదు అడుగులు, పది అడుగులుగా జాలీ కట్టాం. అన్నిటికంటే నాకు నచ్చింది తర్వాత చెప్పిన మాట: ఇన్ని లెక్కలు అక్కర్లేదట. వెడల్పు సున్నా అయితే జాగా సున్నా, పది అయితే జాలీ అంతా రెండు వైపులకే అయిపోయి మళ్లీ సున్నా. వంపు రెండు పక్కలా ఒకేలా ఉంటుంది కాబట్టి శిఖరం సరిగ్గా నడుమ, ఐదు దగ్గర ఉండి తీరాలి. పరీక్షలో ఆమె బట్టీ పట్టి మర్చిపోయిన మైనస్ బీ బై టూ ఏ అనే ఫార్ములా ఇదే. జజ్ర్‌ల నడిమి జాగా.

వర్గాన్ని పూర్తి చేసే పద్ధతి మాత్రం కాగితాలతో చేశాం. ఇంట్లో పాత షాదీ కార్డులు కట్టలు కట్టలు ఉన్నాయి. అల్-ఖ్వారిజ్మీ 9వ శతాబ్దంలో బగ్దాద్‌లో రాసిన కితాబ్‌లో వాడిన లెక్కనే తీసుకున్నాం: ఒక వర్గం, దాని మూలానికి పదింతలు, కలిపితే 39. ఎక్స్ పొడవున్న మురబ్బా ఒకటి కత్తిరించాం. పదింతల్ని రెండు ఐదులుగా చీల్చి, ఐదు వెడల్పున్న పట్టీలు రెండు, ఒకటి పక్కన, ఒకటి కింద పెట్టాం. మూల దగ్గర ఒక ఖాళీ మిగిలింది, ఐదు ఐదుల చతురస్రం, అంటే 25. అది పూడిస్తే 39, 25 కలిసి 64. మొత్తం పెద్ద మురబ్బా వైపు ఎనిమిది. అందులోంచి ఐదు తీస్తే మూడు. ఎక్స్ అంటే మూడు. అయిపోయింది.

ఆ కితాబ్ పేరులోని 'అల్-జబ్ర్' నుంచే ఆల్జీబ్రా వచ్చింది. అరబీలో జబ్ర్ అంటే విరిగినదాన్ని మళ్లీ అతికించడం, ఎముక కట్టడాన్నీ అలాగే అంటారు. మన ఉర్దూలో జబ్ర్ అంటే జులుం, బలవంతం. భాంజీకి ఇది చెబితే "స్కూల్లో ఉర్దూ అర్థమే చెప్పారు మామూ" అంది.

మన బుజుర్గులే అంతా కనిపెట్టారని ఛాతీ ఉబ్బించే మెసేజులు వాట్సాప్‌లో నాకూ వస్తుంటాయి. ఖ్వారిజ్మీకి దాదాపు రెండు వందల ఏళ్ల ముందే, 628లో, బ్రహ్మగుప్తుడు ఈ సమీకరణాలకి సూత్రం రాశాడు. అంతకు చాలా ముందు బాబిలోనియా వాళ్లు మట్టిపలకల మీద ఇలాంటి లెక్కలు చేశారు. మాకు ఆ రోజు ఫఖర్ కంటే కత్తెర ఎక్కువ పనికొచ్చింది. పైగా భాంజీ ఫార్ములా వేసి చూసి రెండో జవాబు కూడా పట్టుకుంది: మైనస్ 13. కార్డు ముక్కకి మైనస్ పొడవు ఉండదు కాబట్టి ఖ్వారిజ్మీ దాన్ని తీసుకోలేదు. వంపు గీస్తే మాత్రం అది ఎడమ వైపు, మైనస్ 13 దగ్గర, హాయిగా గీతని దాటుతుంది. కత్తెర చూపించనిది గ్రాఫ్ చూపించింది.

'ముకాఫీ' అనే లఫ్జ్ సంగతి చెప్పకుండా ఇది పూర్తి కాదు. ఒక మధ్యాహ్నం తెల్ల కాగితం తీసుకుని, కింది అంచుకి కొంచెం పైన ఒక చుక్క పెట్టాం. కింది అంచు ఆ చుక్కని తాకేలా మడత పెట్టి, గట్టిగా గోటితో గీసి, విప్పాం. అంచు మీది ఇంకోచోటు చుక్కని తాకేలా ఇంకో మడత. అలా ముప్ఫై మడతలు. విప్పి వెలుతురుకి పడితే మడతల మధ్య ఎవరూ గీయని ఒక వంపు. చుక్క నుంచి ఎంత దూరమో, అంచు నుంచి అంతే దూరం, ఆ వంపు మీద ఏ బిందువు తీసుకున్నా సరే. చుక్క మాస్కా, తెలుగులో నాభి. అంచు నియతరేఖ. కాగితం కదా, నేను చెప్పేదేం లేదు, స్కేలు పెట్టి తనే కొలుచుకుంది.

దీనికి పారాబోలా అని పేరు పెట్టినవాడు అపొలోనియస్, దాదాపు 2,200 ఏళ్ల కింద. శంకువుని కోస్తే వచ్చే వంపుల్లో వైశాల్యాలు పోల్చి, సరిసమానంగా వచ్చినదానికి ఒక పేరు, తక్కువొచ్చినదానికి ఇంకోటి, మించిపోయినదానికి మరోటి పెట్టాడు. బగ్దాద్‌లో బనూ మూసా అన్నదమ్ములు ఆ గ్రంథాన్ని అరబీలోకి చేయించారు. అరబీలో ఆ మూడూ ముకాఫీ, నాకిస్, జాయద్. సమానమైనది, లోటున్నది, ఎక్కువైనది. నాకిస్ అంటే మనకి దీర్ఘవృత్తం, జాయద్ అంటే అతిపరావలయం. 1917లో హైదరాబాద్‌లో ఉస్మానియా కోసం దారుల్ తర్జుమా పెట్టి, 1919 నుంచి పెద్ద చదువులు ఉర్దూలో మొదలుపెట్టినప్పుడు ఇలాంటి లఫ్జుల కోసమే పండితులు కూర్చుని తగువులాడుకున్నారు. అంత దూరం నడిచి వచ్చిన లఫ్జ్‌ని పట్టుకుని నేను క్లాసులో లేచి నిలబడ్డానన్నమాట. నా సవాల్‌లో గలతీ ఏం లేదు. అవును, ఇది ముకాఫీయే.

అలాగని ఉర్దూ మీడియంలోనే ఉండిపోండి అని నేను అనను. మా పిల్లల్ని నేనే ఇంగ్లిష్ మీడియంలో వేశాను, ఇంకొకరికి చెప్పే మొహం లేదు. ఇంకో సంగతి ఉర్దూ మీడియంలో చదవనివాళ్లకి తెలియదు. జుమ్లా కుడి నుంచి ఎడమకి నడుస్తుంది, సమీకరణం ఎడమ నుంచి కుడికి. ఒకే పంక్తిలో కన్ను రెండుసార్లు వెనక్కి తిరగాలి. భాంజీ లెక్కల్లో సగం గుర్తుల తప్పులు ఆ మలుపుల దగ్గరే. వాక్యం ఒక పంక్తిలో, లెక్క విడిగా కింది పంక్తిలో రాయమన్నాను. సగం తప్పులు ఆ ఒక్కదాంతో పోయాయి. మాకు ఎవరూ చెప్పలేదు.

ఆఖరి వారం ఫోన్‌లో జియోజెబ్రా వేసిచ్చాను. ఏ, బీ, సీ మూడింటికీ జరిపే బొత్తాలు ఉంటాయి, వేలితో జరిపితే వంపు కదులుతుంది. నేను మొదటి రోజే ఇచ్చి ఉంటే బొమ్మలాట అయ్యేది. ఛత్ మీద నడిచాక ఇస్తే ఆమె వెతుక్కుంటూ పోయింది. సీ మొత్తం వంపుని ఎత్తుతుంది, దించుతుంది. ఏ నోరు తెరుస్తుంది, మూస్తుంది, మైనస్‌లోకి పోతే బోర్లిస్తుంది. బీ దగ్గర ఆగింది. "మామూ, బీ జరిపితే పక్కకి పోతుందనుకున్నా. పక్కకీ పోతోంది, కిందికీ పోతోంది. ఎక్కడికి పోతోంది ఇది?"

నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. ఆ రాత్రి డెస్క్‌లో పేజీలు వదిలాక, న్యూస్ ప్రింట్ ముక్క మీద లెక్క వేసుకున్నాను. శీర్షం ఎక్కడెక్కడికి పోతుందో ఒక్కొక్క బీకి రాసుకుంటూ పోతే, ఆ చుక్కలన్నీ కలిసి ఇంకో ముకాఫీ! అసలుది తెరుచుకున్న కడాయి అయితే ఇది బోర్లించిన కడాయి, అంతే వెడల్పు, శిఖరం సీ దగ్గర. రాత్రి ఒంటిగంటకి ఎవరికి చెప్పను? పక్క సీట్లో స్పోర్ట్స్ పేజీ చూసే దోస్త్‌కి చెప్పాను. టీ తాగుదాం పద, అన్నాడు.

పొద్దున ఛత్ మీద నేను జవాబు చెప్పబోతే, "ఆగండి" అని ఫోన్ చూపించింది. శీర్షం నడిచిన దారికి గీత పడేలా పెట్టుకుంది. స్క్రీన్ మీద బోర్లించిన కడాయి ఎర్రగా మెరుస్తోంది. నాకంటే ముందు, లెక్క వేయకుండానే పట్టుకుంది. ఎందుకలా వస్తుందో మాత్రం నా న్యూస్ ప్రింట్ ముక్కే చెప్పింది. ఆ ముక్కని మడిచి కితాబ్‌లో పెట్టుకుంది.

పరీక్షలు జూన్‌లో, బక్రీద్‌కి అటూ ఇటూ వచ్చాయి. పాలమూరు వెళ్లి రాసింది. పేపరెలా ఉందంటే "ఒక గ్రాఫ్ వచ్చింది, స్కేల్ వాడలేదు" అంది. అంతకంటే చెప్పలేదు, నేనూ అడగలేదు. జాలీ విప్పేశాం. సుద్ద గీతలు మొదటి వానకి పోయాయి. గోడ మీది 'మామూ గలత్' పిట్టగోడ చూరు కింద ఉండడంతో ఇంకా ఉంది.

రిజల్ట్ వచ్చింది. పాస్. మార్కులు చెప్పుకునేటంత కావు. ఆపా ఫోన్ చేసి, కాలేజీ ఫారం తెచ్చాననీ, సీఈసీ రాయమంటే పిల్ల పెన్ను పట్టుకుని కూర్చుందనీ చెప్పింది. "నువ్వు చెప్పు భాయ్, నీ మాట వింటుంది."

"రంజాన్‌లో నేను చెప్పింది గలత్ ఆపా" అన్నాను. "నేను ఇంటర్‌లో ఎందుకు గ్రూపు మార్చుకున్నానో నీకెప్పుడూ చెప్పలేదు కదా, విను." ముప్ఫై ఏళ్లలో మొదటిసారి ఆ కాఫీ జోకు మా ఇంట్లోవాళ్లకి చెప్పాను. ఆపా నవ్వలేదు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అమ్మీకి ఆ సంవత్సరం నువ్వు రాత్రిళ్లు నిద్రపోవట్లేదని ఫికర్ ఉండేది" అంది.

గంట తర్వాత భాంజీ ఫారం ఫోటో పంపింది. గ్రూప్ దగ్గర ఎంపీసీ. మీడియం దగ్గర ఖాళీ. కింద మెసేజ్: "మామూ, దీని గురించి రేపు ఫజర్ తర్వాత మాట్లాడదామా?"